ఊరికే బెజవాడ వెళ్ళొద్దాం!

మా వినగడపలో ఆడవాళ్ళు బెజవాడ వెళ్ళడానికి మూడే మూడు కారణాలు. ఒకటి ఆసుపత్రి, రెండు పెళ్ళి బట్టలు, మూడు దుర్గమ్మ దర్శనం. ఈ మూడూ కాకుండా, "ఎందుకెళ్తున్నావమ్మా?" అని అడిగితే "ఊరికే" అని చెప్పిన మనిషిని నేనింతవరకూ చూడలేదు. చెబితే ఏమవుతుందో అందరికీ తెలుసు. సాయంత్రానికల్లా ఆ ఇంట్లో ఏదో గొడవైందని, కోడలు అలిగి వెళ్ళిందని ఊరంతా చెప్పుకుంటారు!

2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సు ఉచితమైంది కదండీ, అప్పటినుంచీ ఇంకో మాట వినపడుతోంది. టీ బంకు దగ్గర, పాలకేంద్రం దగ్గర, ఆఖరికి పెళ్ళి భోజనాల్లో కూడా. "ఇప్పుడు ఆడోళ్ళంతా ఊరికే తిరుగుతున్నారు" అని. దానికి కొందరు ఆడవాళ్ళు నొచ్చుకుని, "మేమేం ఊరికే తిరగట్లేదు, పనులమీదే వెళ్తున్నాం" అని సంజాయిషీ చెబుతున్నారు.

నేను మాత్రం సంజాయిషీ చెప్పను. ఊరికే తిరగాలి అనే అంటాను. మగవాళ్ళు రోజూ సాయంత్రం సెంటర్‌కి వెళ్ళి రెండు గంటలు కూర్చుని వచ్చేది ఏ పనిమీదో నాకింతవరకూ అర్థం కాలేదు. దాన్ని ఎవరూ తిరగడం అనరు, "అలా బయటికెళ్ళాడు" అంటారు. మనకీ ఆ "అలా బయటికి" కావాలి.

మా అత్తయ్య సంగతే చెబుతాను. ఆవిడకి అరవై ఆరేళ్ళు. బెజవాడ ఎన్నిసార్లు వెళ్ళారో లెక్కే లేదు. మావయ్యగారి ఆపరేషన్‌కి ఇరవై రోజులు అక్కడే ఉన్నారు. మా ఆడపడుచు కాన్పుకి, మరిదిగారి పెళ్ళి బట్టలకి, మా పిల్లాడి చెయ్యి విరిగినప్పుడు, అన్నిటికీ వెళ్ళింది ఆవిడే. కానీ బెజవాడ ఎలా ఉంటుందని అడిగితే ఆసుపత్రి మెట్లు, మందుల షాపు, బస్టాండు తప్ప ఇంకేం చెప్పలేరు. నలభై ఏళ్ళలో తన కోసం అని ఒక్కపూట కూడా ఆ ఊళ్ళో గడపలేదు. మా అమ్మదీ అదే కథ. మీ అమ్మగారిదీ అదే అయ్యుంటుంది, అడిగి చూడండి.

అందుకే ఈ పోస్టు. బెజవాడలో చూడవలసినవి అంటూ అందరూ రాసే పెద్ద జాబితా కాదిది. షాపింగ్ మాల్స్ గురించి నేను చెప్పక్కర్లేదు, వాటి బోర్డులు ఆ దారి పొడుగునా కనబడుతూనే ఉంటాయి. మనలాంటివాళ్ళు ఒక్కరే వెళ్ళినా, తోడికోడలితోనో పక్కింటి వదినతోనో వెళ్ళినా, ఇబ్బంది లేకుండా కాసేపు ఉండగలిగే చిన్న చిన్న చోట్లు మాత్రమే చెబుతాను. వాటిని ఎంచుకోవడానికి నేను పెట్టుకున్న పరీక్షలు మూడు. కొనకపోయినా మొహం మాడ్చుకోకూడదు. పర్సులో మూడు నాలుగు వందలుంటే రోజు గడవాలి. చీకటి పడేలోపు తిరిగి తిరువూరులో దిగేలా బస్టాండుకి అందుబాటులో ఉండాలి.

మొదటిది అసలు బెజవాడలోనే లేదు, దారిలో ఉంది. కొండపల్లి. తిరువూరు నుంచి ఏ.కొండూరు, మైలవరం మీదుగా వెళ్ళే బస్సులన్నీ ఆ దారినే పోతాయి. మనం కిటికీలోంచి కొండమీద కోట చూసి మళ్ళీ కునుకు తీస్తాం. ఒకసారి దిగి బొమ్మల కాలనీకి వెళ్ళండి. అక్కడ షాపు వేరు, ఇల్లు వేరు కాదు. ముందు గదిలో బొమ్మలు పేర్చి ఉంటాయి, వరండాలో ఆ ఇంటి మనుషులు చెక్కుతూనో రంగులు వేస్తూనో ఉంటారు. కొండపల్లి కొండల్లో దొరికే తెల్లపొణికి చెక్కతో చేస్తారు వీటిని. చేత్తో పట్టుకుంటే దూదిలా ఉంటుంది. కాళ్ళూ చేతులూ విడివిడిగా చెక్కి అతికిస్తారు. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి చేసిన ముద్దని మక్కు అంటారు, దాంతో ఒంపుసొంపులు తీరుస్తారు. ఆరాక సున్నం పూత, ఆ పైన రంగులు. మనం పచ్చడిలో చింతపండు వేసి గింజలు పారేస్తాం కదా, ఆ గింజల్లోంచి ఏనుగు అంబారీ నిలబడుతుందని పిల్లలకి చూపిస్తే కళ్ళు ఇంతింత చేసుకుంటారు.

దశావతారాలు, ఎడ్లబండి, తాటిచెట్టు ఎక్కుతున్న గీతకార్మికుడు, తిరగలి తిప్పే అమ్మ, అన్నీ మన ఊళ్ళ మనుషులే. పెద్ద సెట్టు కొనక్కర్లేదు. ఏడాదికో చిన్న బొమ్మ కొనండి. పదేళ్ళకి మీ ఇంట్లో సంక్రాంతి బొమ్మల కొలువు దానంతటదే తయారవుతుంది. ఒక్క విన్నపం, అక్కడ మరీ గీచి గీచి బేరమాడకండి. పండిన మిరపకాయలకి ధర తగ్గించి అడిగితే మన కడుపు ఎలా మండుతుందో గుర్తు చేసుకుంటే చాలు.

ఇక బెజవాడలో దిగాక. పొద్దున్నే బయల్దేరి ఉంటాం, ఆకలి వేస్తుంది. ఇక్కడ చాలామంది ఇంటినుంచి తెచ్చుకున్న పులిహోర పొట్లం బస్టాండులో ఓ మూల కూర్చుని విప్పుతారు. పులిహోరకి నేను వ్యతిరేకిని కాదు. కానీ ఒక్కసారి గాంధీనగర్‌లో బాబాయ్ హోటల్‌కి వెళ్ళండి. పేరు చూసి పెద్ద హోటల్ అనుకునేరు, చిన్నదే. అక్కడ ఇడ్లీ మీద వెన్న వేసి ఇస్తారు. వేడికి అది కరిగి జారుతుంటే చట్నీలో అద్దుకుని తినడమే. కిందటి కార్తీకంలో అత్తయ్యని తీసుకెళ్ళాను. కూర్చున్నాక ఆవిడ చుట్టూ చూసి, "మనిద్దరమేనా? మగాళ్ళెవరూ లేకుండా ఎట్టా కూర్చుంటామే?" అన్నారు గుసగుసగా. ఇడ్లీ వచ్చాక మరి మాట్లాడలేదు. తిన్నాక చీర కొంగు ముడి విప్పి డబ్బులు తీసి, "నేనిస్తా" అన్నారు. అరవై ఆరేళ్ళకి ఆవిడ హోటల్లో బిల్లు కట్టడం అదే మొదలు. బయటికొచ్చాక, "మా ఇంట్లో వెన్న ఇంతకన్నా బాగుంటుంది" అని మాత్రం అన్నారు. గేదె మాదే కదా మరి!

హోటల్లో ఆడది ఒక్కతే కూర్చుని తినడం తప్పుగా చూసే కాలం పోయిందని పట్నం వాళ్ళు అంటారు. మా వైపు పోలేదండీ. మనం కూర్చుంటేనే పోతుంది.

తర్వాత వన్‌టౌన్. పెళ్ళి బట్టలకి అందరూ వెళ్ళే పెద్ద షోరూములు నాకు నచ్చవు. ఒక షోరూములో నా రబ్బరు చెప్పులు, చేతిసంచి ఎగాదిగా చూసి, "తక్కువ రేటు చీరలు కింద ఫ్లోరండీ" అన్నాడొక కుర్రాడు. నేనింకా ఏమీ అడగనే లేదు! వన్‌టౌన్ చిన్న కొట్లలో ఆ బాధ లేదు. అక్కడ అందరివీ చేతిసంచులే. కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర దిగి చుట్టుపక్కల సందుల్లో నడుస్తూ పోవడమే. ఆంధ్రప్రదేశ్ శాసనసభకి మొట్టమొదటి స్పీకరు అయ్యదేవర కాళేశ్వరరావు గారి పేరు అది. ఈ సంగతి మా అమ్మాయికి సాంఘికశాస్త్రంలో వచ్చింది, నాకు కూరగాయలు కొంటుంటే తెలిసింది.

ఆ సందుల్లో నాకు నచ్చేది కొత్త వస్తువులు కాదు, పాత వస్తువులకి విడిభాగాలు. కుక్కరు పిడి ఊడిపోయిందనుకోండి, మామూలు షాపులో "ఆ మోడల్ రావట్లేదమ్మా, కొత్తది తీసుకోండి" అంటారు. ఇక్కడ సందులో ఓ పెద్దాయన డబ్బాలో చెయ్యి పెట్టి వెతికి, పిడి తీసి, మరతో సహా బిగించి ఇచ్చాడు. నా పెళ్ళికి మా నాన్న కొన్న కుక్కరు అది. గాస్కెట్లు, మిక్సీ జారు మూతలు, గాజులు, ఇత్తడి కుందులు, పూజ సామాన్లు, అన్నీ అక్కడే. ఏం కొనకపోయినా ఇత్తడి సామాన్ల కొట్టు ముందు నిలబడి బిందెలు, గుండిగలు చూస్తుంటే మా అమ్మమ్మ వంటిల్లు గుర్తొస్తుంది.

బీసెంట్ రోడ్డు గురించి చెప్పకపోతే మా తోడికోడలు ఊరుకోదు. అనీబీసెంట్ పేరు పెట్టిన ఆ రోడ్డుమీద, షాపులకన్నా ముందు వాటి ఎదుట బళ్ళమీద అమ్మేవాళ్ళ దగ్గరే మనకి పని. లైనింగులు, లేసులు, క్లిప్పులు, పిల్లల గౌన్లు, దిండు గలీబులు. సాయంత్రమైతే కాలు పెట్టడానికి చోటుండదు కాబట్టి మధ్యాహ్నం లోపే వెళ్ళండి. ఆ బళ్ళమీద అమ్మేవాళ్ళలో చాలామంది ఆడవాళ్ళే. ఒకావిడ దగ్గర నేను ఎప్పుడూ లేసులు కొంటాను. "ఏవూరమ్మా మీది?" అంటే "తిరువూరు దగ్గర వినగడప" అన్నాను. "నెమలి వేణుగోపాలస్వామి గుడి మీ వైపేగా?" అంది. అప్పటినుంచీ నన్ను "నెమలి అక్కా" అంటుంది. షోరూమువాళ్ళు నా ఫోన్ నంబరు రాసుకుని పండగకి మెసేజ్ పెడతారే గానీ నా ఊరు ఏదో వాళ్ళకి తెలీదు.

ఇప్పుడు నాకు ఇష్టమైన చోటు. ఏలూరు రోడ్డు, లెనిన్ సెంటర్ దగ్గర పాత పుస్తకాల కొట్లు. నేను ఇంటర్‌తో ఆగిపోయాను. పుస్తకాల కొట్టులోకి వెళ్ళాలంటే ఏదో పరీక్ష రాసినంత భయం నాకు. పాత పుస్తకాల దగ్గర ఆ భయం ఉండదు. రోడ్డు పక్కనే నిలబడి పేజీలు తిప్పచ్చు. పాత వారపత్రికలు, ఎవరో అట్టలు వేసుకుని చదువుకున్న నవలలు, పిల్లల పోటీ పరీక్షల గైడ్లు. ఒక నవల మొదటి పేజీలో "వదినకి, పుట్టినరోజు కానుక" అని రాసి ఉంది. వదినకి పుస్తకం ఇచ్చిన మరదలు ఎవరో గానీ ఆవిడకి దణ్ణం! కొత్తవి కావాలంటే అదే రోడ్డుమీద విశాలాంధ్ర, నవోదయ లాంటి పేరున్న పుస్తకాల షాపులు ఎటూ ఉన్నాయి. బెజవాడకి పుస్తకాలతో చుట్టరికం ఇవాళ్టిది కాదు. అయ్యంకి వెంకటరమణయ్య గారి పూనికతో 1914 ఏప్రిల్ 10న ఆంధ్రదేశంలో మొదటి గ్రంథాలయ మహాసభ జరిగింది ఈ ఊళ్ళోనే, రామమోహన గ్రంథాలయంలో.

పిల్లలు కూడా వస్తే బందరు రోడ్డులో బాపు మ్యూజియం చూపించండి. పాతవాళ్ళు విక్టోరియా జూబిలీ మ్యూజియం అంటారు. 1887లో విక్టోరియా రాణి జూబిలీకి పునాది వేసిన రాతి కట్టడం. బాగుచేసి 2020లో మళ్ళీ తెరిచారు. 1921లో బెజవాడలో కాంగ్రెస్ సమావేశాలు జరిగినప్పుడు పింగళి వెంకయ్య గారు తాను తయారుచేసిన జెండా గాంధీగారికి అందించింది ఇక్కడే అని చెబుతారు. లోపల అల్లూరులో దొరికిన నిలువెత్తు బుద్ధుడి విగ్రహం ఉంది. ఎండాకాలంలో బయట మంటలు మండుతుంటే ఆ రాతి గోడల మధ్య చల్లగా, నిశ్శబ్దంగా ఉంటుంది. సర్కారు మ్యూజియం కాబట్టి వారానికో సెలవుంటుంది, కనుక్కుని బయల్దేరండి.

చివరికి, బస్సెక్కే ముందు నది. బస్టాండుకి దగ్గర్లోనే పద్మావతి ఘాట్. ఓపిక ఉంటే ఇంకాస్త నడిచి ప్రకాశం బ్యారేజీ దాకా వెళ్ళచ్చు. 1855లో పూర్తయిన పాత ఆనకట్ట 1952లో తెగిపోతే, దాని బదులు కట్టి 1957లో పూర్తిచేశారట. ఆ నీళ్ళు డెల్టాకే గానీ మా మెట్ట ఊళ్ళకి రావు. మాకు కట్టలేరు ఉంది. ఎండాకాలం ఇసుక, వానాకాలం పొంగి రాకపోకలు బంద్. అందుకేనేమో ఏడాది పొడుగునా అంత నీళ్ళు కళ్ళముందు కనబడితే మనసు అదోలా నిమ్మళిస్తుంది. పక్కన బండిమీద వేడి వేడి పునుగులు, అల్లం పచ్చడి. పొట్లం పట్టుకుని మెట్లమీద కూర్చోవడం, అంతే. దానికి టికెట్ లేదు, కారణం అసలే అక్కర్లేదు.

ఇవన్నీ ఒక్కరోజులో చూసేద్దామనుకోకండి. బడి టూరులా పరుగులు పెడితే ఇంట్లో పనికీ దీనికీ తేడా ఏముంది? ఒకసారికి రెండు చోట్లు, మహా అయితే మూడు. తిరువూరు నుంచి పోను రెండు గంటల పైన, రాను రెండు గంటల పైన. తిరువూరులో దిగాక మళ్ళీ మన ఊరు చేరాలి కాబట్టి బెజవాడలో మూడు దాటకుండా బస్సెక్కేయండి. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు మర్చిపోకండి, లేకపోతే జీరో టికెట్ ఇవ్వరు. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌ లాంటి బస్సులకే ఈ పథకం, సూపర్ లగ్జరీ ఎక్కి కండక్టరుతో వాదన పెట్టుకోకండి.

"అన్నీ ఫోన్లో దొరుకుతుంటే అంత దూరం పడి వెళ్ళడం ఎందుకు?" అంటారు మా వారు. నిజమే, లేసులు, గాజులు, ఆఖరికి కొండపల్లి బొమ్మ కూడా గుమ్మంలోకి వస్తాయి. కానీ ఫోన్లో కొన్నప్పుడు వస్తువు మన దగ్గరికి వస్తుంది, మనం ఎక్కడికీ వెళ్ళం. నాకు కావల్సింది లేసు ఒక్కటే కాదు. "నెమలి అక్కా" అని పిలిచే మనిషి కూడా కావాలి. ఇంట్లో నేను అమ్మని, కోడల్ని, ఫలానావాళ్ళ భార్యని. ఆ రోడ్డుమీద నేను ఒక ఊరి మనిషిని.

"అంత తీరిక ఎక్కడ?" అనేది అసలైన ప్రశ్న. దీనికి నా దగ్గర మంత్రం లేదు. బస్సు ఉచితమైంది గానీ రోజు ఉచితం కాలేదు. గేదె పాలు పిండాలి, పిల్లలకి క్యారేజీ కట్టాలి, పత్తి తీతలప్పుడు, మిరపకోతలప్పుడు ఊపిరాడదు. టికెట్ డబ్బులు ప్రభుత్వం ఇవ్వగలదు, ఒక పూట వంట మాత్రం ఇంట్లోవాళ్ళే చెయ్యాలి. మా ఇంట్లో నేను చెప్పేశాను, మూడు నెలలకి ఒక రోజు నాది. ఆ రోజు అన్నం వాళ్ళే వండుకుంటారు, కూర తిరువూరు నుంచి పార్సిల్ తెచ్చుకుంటారు. మొదటిసారి కాస్త మూతి ముడుచుకున్నారు. ఇప్పుడు మా అబ్బాయే గుర్తు చేస్తున్నాడు, "అమ్మా, నీ బెజవాడ ఎప్పుడు?" అని. పార్సిల్ కూర కోసమే అనుకోండి!

బెజవాడను నడిపించే పెద్దలకి కూడా ఒక మాట. బస్సు ఇచ్చారు, సంతోషం. దిగాక మేం ఎక్కడ కూర్చోవాలి? వన్‌టౌన్ సందుల్లో, బీసెంట్ రోడ్డులో కాసేపు కూర్చోడానికి నాలుగు బెంచీలు, భయపడకుండా వెళ్ళగలిగే శుభ్రమైన మరుగుదొడ్లు పెట్టండి. బయటికొస్తే మంచినీళ్ళు తాగకుండా రోజంతా బిగబట్టుకునే ఆడవాళ్ళు మా బస్సునిండా ఉన్నారు. ఊరు ఆడవాళ్ళదీ అని చెప్పడానికి విగ్రహాలు, ఫ్లైఓవర్లకన్నా ముందు అవి కావాలి.

మీ వైపు కూడా ఇలాంటి చోట్లు ఉండే ఉంటాయి. గుంటూరువాళ్ళకి గుంటూరులో, ఖమ్మంవాళ్ళకి ఖమ్మంలో. ఎవరో రాసిన జాబితా కోసం చూడకుండా మీదే ఒకటి రాసుకోండి. అందులో ఆసుపత్రి, షోరూము ఉండకూడదు, అదొక్కటే నియమం. ఈసారి ఎవరైనా "ఎందుకెళ్తున్నావమ్మా?" అని అడిగితే పని ఏదో వెతుక్కుని చెప్పకండి. హాయిగా నవ్వి "ఊరికే" అనండి. ఊరికే కదా వెళ్తున్నాం మరి!